కళ్ళు మూసుకుంటే అమ్మ తూలిపోతోంది, తెరిస్తే మామూలే. ఇది కళ్ళ సమస్యా, చెవి సమస్యా?

గోదారిగట్టు_పిల్ల

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా అమ్మకి అరవై దాటాయి, షుగర్ వచ్చి చాలా ఏళ్ళైంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది, కంట్రోల్‌లోనే ఉంటుంది, మూడు నెలల షుగర్ టెస్టు కూడా ఎప్పుడూ మరీ ఎక్కువ రాలేదు. విషయం ఏంటంటే ఈ మధ్య గుళ్ళో కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంటే పక్కకి తూలిపోతోంది. ముందు నీరసం అనుకున్నాం, ఉపవాసాలు ఎక్కువ కదా అని. తర్వాత కదిపితే ఒక్కోటీ బయటపడుతున్నాయి. తలంటు పోసుకునేటప్పుడు షాంపూ కళ్ళల్లో పడకుండా కళ్ళు మూసుకోగానే గోడ పట్టుకోవాల్సొస్తోందట. రాత్రి కరెంటు పోతే ఉన్నచోటే ఆగిపోతుంది, టార్చ్ వేస్తే గానీ అడుగు వెయ్యదు. పగలు మాత్రం బజారుకెళ్ళి బేరమాడి కూరలు తెచ్చేసుకుంటుంది, చూసినవాళ్ళకి డౌటే రాదు, కాకపోతే ఎప్పుడూ కిందకే చూస్తూ నడుస్తోంది, అడుగు కూడా ధబ్ ధబ్ మని గట్టిగా వేస్తోంది, ఇదివరకు అలా నడిచేది కాదు.

కళ్ళ డాక్టర్‌కి చూపించాం. శుక్లం ఇప్పుడిప్పుడే మొదలైంది, ఆపరేషన్ అక్కర్లేదు, ఈ వయసుకి చూపు బాగానే ఉంది అన్నారు. తల తిరుగుతోందా అమ్మా అంటే "తల తిరగట్లేదే, కాళ్ళ కింద దూది పరిచినట్టుంటుంది" అంటుంది. గిల్లితే నొప్పి తెలుస్తోంది, వేణ్ణీళ్ళు తెలుస్తున్నాయి, కాబట్టి కాళ్ళకి స్పర్శ పోయినట్టు కూడా లేదు. మా అన్నయ్యేమో కళ్ళు మూసుకుంటే ఎవరైనా తూలతారులే అని కొట్టిపారేస్తున్నాడు. నిజమేనా? అసలు కళ్ళు మూసుకున్నంత మాత్రాన ఒళ్ళు నిలబడటం ఎలా మర్చిపోతుంది? ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి?

సీమ_టపాకాయ

చెవి సమస్య ఇది. ఈఎన్‌టీకి చూపియ్యండి. మా అత్తకు ఇట్లే ఉండె, మంచం మీద పక్కకు తిరిగితే చాలు ఇల్లంతా గిర్రున తిరుగుతాంది అని అరిచేది. డాక్టర్ తలకాయ అటొకసారి ఇటొకసారి తిప్పి పంపించినాడు, అంతే, సరిపాయె.

ఫిజియో_ఓరుగల్లు

సీమ అన్నా, మీ అత్తగారిది వేరే సంగతి. లోపలి చెవిలో సన్నటి కాల్షియం రవ్వలుంటాయి, అవి ఉండాల్సిన చోట కాకుండా పక్క గొట్టంలోకి జారితే తల తిప్పినప్పుడల్లా గది గిర్రున తిరుగుతుంది. కళ్ళు తెరిచి ఉన్నా తిరుగుతుంది. ఈ అమ్మగారికి తల తిరగట్లేదు, కళ్ళు తెరిస్తే బాగుంది, మూస్తే తూలుతోంది. తేడా అక్కడే ఉంది.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మనిషిని చూడకుండా ఫలానా జబ్బు అని చెప్పను. కానీ ఇదే మాట, దూది మీద నడిచినట్టుంది అనే మాట, పేషెంట్ల నోట చాలాసార్లు విన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా.

నిలబడ్డప్పుడు మనం కదలకుండా ఉన్నామనుకుంటాం గానీ ఉండం. చీలమండల దగ్గర ఒళ్ళు సన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది, పిక్క కండరాలు ఎప్పటికప్పుడు సర్దుతూ ఉంటాయి. ఎంత ఊగాం, ఎటు ఊగాం అన్న కబురు మెదడుకి మూడు చోట్ల నుంచి వస్తుంది. కళ్ళు ఒకటి, లోపలి చెవి ఒకటి, మూడోది కండరాలూ కీళ్ళూ అరికాలి చర్మమూ కలిసి పంపేది. ఈ మూడోదాని గురించి స్కూల్లో మనకెవరూ చెప్పలేదు, పంచేంద్రియాల లిస్టులో దానికి సీటు లేదు పాపం. పుస్తకాల్లో ప్రొప్రియోసెప్షన్ అంటారు, 1906లో షెరింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పెట్టిన పేరు. చీకట్లో కూడా అన్నం ముద్ద నోటికే వెళ్తుంది చూడండి, ముక్కులోకి వెళ్ళదు, అది దీని పనే.

కండరాల లోపల కదురు ఆకారంలో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే చిన్న చిన్న సాధనాలుంటాయి, మజిల్ స్పిండిల్స్. కండరం ఎంత సాగింది, ఎంత స్పీడుగా సాగుతోంది అనేది ఇవి చెప్తాయి. కండరం ఎముకకి అతుక్కునే చోట గాల్జీ టెండన్ ఆర్గాన్లు అని ఇంకో రకం ఉంటాయి, అవి ఎంత బలం పడుతోందో చెప్తాయి. ఈ కబుర్లు మోసే నరాలు ఒంట్లో అన్నిటికంటే లావైనవి, ఫాస్టు కూడా, సెకనుకి 80 నుంచి 120 మీటర్లు అని టెక్స్ట్‌బుక్ లెక్క. నొప్పీ వేడీ మోసేవి వేరే నరాలు, సన్నవి, నిదానం. వెన్నుపాములో కూడా రెండిటి దారులు వేరు, పొజిషన్ కబురు వెనక భాగం నుంచి పైకి పోతుంది, నొప్పి వేడి ముందు పక్క నుంచి పోతాయి. ఒక దారి దెబ్బతిని రెండోది భేషుగ్గా ఉండొచ్చు. అందుకే గిల్లితే తెలుస్తోంది కదా నరాలు బాగున్నట్టే అని అనుకోవద్దు.

మీ అన్నగారి మాటకి వస్తే, కళ్ళు మూసుకుంటే అందరికీ ఊగడం కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుంటే పడిపోయేంత తూలడు. దీన్ని రాంబర్గ్ టెస్ట్ అంటారు. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో రాంబర్గ్ అనే డాక్టర్, సిఫిలిస్ ముదిరి వెన్నుపాము వెనక భాగం పాడైనవాళ్ళలో ఇది చూశాడు. అలాంటివాళ్ళు పొద్దున్నే మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే బేసిన్ మీదికి తూలి పడేవాళ్ళు. మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా అని న్యూరాలజిస్టులు, అంటే నరాల డాక్టర్లు, ఇప్పటికీ అడుగుతారు. ఇంట్లో మీరు చేసి చూడాలనుకుంటే ఒకరు తప్పకుండా పక్కనే చేతులు చాపి నిలబడాలి. పడి తుంటి ఎముక విరిగితే అది ఇంకో కథ.

మీకు కొన్ని ప్రశ్నలు. నడుస్తుంటే అమ్మగారి చెప్పు జారిపోతోందా? జారితే ఆవిడకే తెలుస్తోందా, లేక ఎవరో చెప్తే వెనక్కి తిరిగి చూసుకుంటున్నారా? జారుతున్నట్టు తెలిసి కూడా పట్టి ఉంచలేకపోతే కండరం వీక్‌నెస్ వైపు ఆలోచిస్తాం. జారిందనే తెలియకపోతే కబురే పైకి పోవట్లేదని. ఇంకోటి, గ్యాస్ టాబ్లెట్ రోజూ వాడతారా? తిండి శాకాహారమేనా?

బాపు_కొడుకు

మా బాపుకి గూడ సేమ్ గిట్లనే అయితుండె అక్కా. ఒకపారి ఒంటి చెప్పుతోని ఇంటికొచ్చిండు, రెండోది యాడ పోయిందో ఆయనకే తెల్వది, వాడకట్టోళ్ళంత తాగిండనుకున్నరు, ఆయన అసలు ముట్టడు. డాక్టర్ సాబ్ ఏం జేశిండంటే బాపుని కండ్లు మూసుకోమని కాలి బొటనవేలు పక్కలకెళ్ళి పట్టుకొని పైకి లేపిన్నా కిందికి దించిన్నా చెప్పు అన్నడు. బాపు ఊకె పైకి పైకి అనుకుంట అన్ని తప్పే చెప్పిండు. మాకు పరేషానైంది, గింత పెద్ద మనిషికి తన బొటనవేలు ఎటున్నదో తెలుస్తలేదా అని. తర్వాత ట్యూనింగ్ ఫోర్కు కొట్టి చీలమండ ఎముక మీద పెట్టి గుంయ్ మంటున్నదా అంటే "ఏం లే, సల్లగున్నది" అన్నడు. డాక్టర్ నవ్విండు, సల్లదనం తెలుస్తున్నది గని వణుకు తెలుస్తలేదు, గదే మాకు కావల్సింది అన్నడు.

రక్తం టెస్టుల విటమిన్ బి12 మస్తు తక్కువున్నది. ఇంజక్షన్లు ఇచ్చిన్రు. ఇప్పుడు చాన నయం గని పూర్తిగ పోలే, చీకట్ల ఇంక గోడ పట్టుకుంటడు. ఇంకింత ముందు దొరికితే ఇంకింత బాగయితుండె అన్నడు డాక్టర్. మీరైతే ఆలస్యం జెయ్యకున్రి.

గోదారిగట్టు_పిల్ల

చెప్పుల సంగతి చదివి వెంటనే ఫోన్ చేశా. "అవునే, మొన్న సంతలో వెనకాల ఎవరో అమ్మాయి పిలిచి అమ్మమ్మగారూ మీ చెప్పూ అని అందిస్తే గానీ చూసుకోలేదు, వదులు చెప్పులులే" అంది చాలా తేలిగ్గా. గ్యాస్ టాబ్లెట్ కూడా కరెక్టే, కాఫీ కంటే ముందు పాంటాప్రజోల్ పడాల్సిందే, ఎన్నేళ్ళ నుంచో. గుడ్డు కూడా ముట్టదు. పాలు పెరుగు ఉంటాయి కానీ ఈ మధ్య పల్చటి మజ్జిగే ఎక్కువ.

న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఈలోగా ఒక డౌట్. కళ్ళతో చూసుకుని మేనేజ్ చేసేస్తోంది కదా, మరి వెలుతురున్నంతసేపూ ఆ మూడోది లేకపోయినా నడిచిపోతుందా?

న్యూరాన్_నాని

నడుస్తుంది, కానీ మనిషిని పిండేస్తుంది. దీనికి వైద్యంలో అందరూ చెప్పుకునే కేసు ఇయాన్ వాటర్‌మన్ అనే బ్రిటిష్ ఆయనది. 1971లో ఆయనకి 19 ఏళ్ళు, మాంసం కొట్టులో పని. జ్వరంలా ఏదో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, అది పోతూ పోతూ మెడ కింద నుంచి స్పర్శనీ, ఒళ్ళు ఎక్కడుందో తెలిసే జ్ఞానాన్నీ పట్టుకుపోయింది. పక్షవాతం కాదు, కండరాలకి ఆర్డర్లు మోసే నరాలు శుభ్రంగా ఉన్నాయి. నొప్పి తెలుస్తుంది, వేడి చల్లదనం తెలుస్తాయి, పైన ఫిజియో గారు చెప్పిన రెండు దార్ల లెక్క ఇక్కడ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. కానీ పడుకుంటే కింద మంచం ఉన్నట్టు తెలీదు, చూడకుండా చెయ్యి కదిపితే అది ఎటు పోతుందో తెలీదు. ఆయన ఏం చేశాడంటే ఒక్కో కదలికా ముందు మనసులో అనుకుని, కళ్ళతో ఆ చేతినో కాలినో చూస్తూ నడిపించడం నేర్చుకున్నాడు. లేచి కూర్చోవడానికే నెలలు, నడవడానికి ఏడాదికి పైగా. అంతా నేర్చుకున్నాక కూడా గదిలో లైటు పోతే నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుప్పకూలేవాడు. జొనాథన్ కోల్ అనే డాక్టర్ ఆయన్ని ఏళ్ళ తరబడి స్టడీ చేశాడు. మనం ఫోన్ మాట్లాడుకుంటూ, చిల్లర లెక్కపెట్టుకుంటూ నడిచేస్తాం కదా, ఆయనకి నడకంటే నడక ఒక్కటే, బుర్రంతా దానికే.

ఎందుకంత కష్టం అంటే కన్ను స్లో. మోకాలి చిప్ప కింద సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది కదా, తొడ కండరంలో స్పిండిల్ సాగి, ఆ కబురు వెన్నుపాము దాకా పోయి, కండరానికి ఆర్డర్ తిరిగి రావడానికి మొత్తం 20-30 మిల్లీసెకన్లు, మెదడుని అడగనే అడగదు. అదే కంటితో చూసి తప్పు సర్దుకోవాలంటే 150-200 మిల్లీసెకన్లు పడుతుంది. కాలు మెలిక పడ్డాక అంతసేపు ఆగితే నేల మీదే ఉంటాం.

అసలు ఇంకో విచిత్రం ఏంటంటే మెదడు ఈ కబుర్ల కోసం కూడా పూర్తిగా ఆగదు, ముందే ఒక అంచనా వేసుకుని పెట్టుకుంటుంది. ఖాళీ గ్యాస్ సిలిండర్‌ని నిండుది అనుకుని ఎత్తారనుకోండి, చెయ్యి అదాటున పైకి ఎగిరొస్తుంది, ఎందుకంటే ఎంత బలం పెట్టాలో పట్టుకోకముందే డిసైడ్ అయిపోయింది. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని లేని మెట్టు మీద కాలేస్తే ఒళ్ళు ఝల్లుమంటుందే, అదీ అంతే. వేసుకున్న అంచనాకీ కండరాల నుంచి వచ్చిన కబురుకీ తేడా చూసి సర్దే పనిలో పెద్ద వాటా చిన్నమెదడుది. పేరుకి చిన్నదే, సైజులో మొత్తం మెదడులో పదో వంతు, కానీ 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్క కడితే మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో (నరాల కణాల్లో) 6,900 కోట్లు అందులోనే తేలాయి. మనకి మనం చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు చూడండి, అది కూడా ఈ అంచనా పనే, వచ్చేది ఏంటో ముందే తెలిసిపోతే మెదడు దాన్ని తగ్గించి చూపిస్తుంది.

ఈ స్పిండిల్స్‌ని మోసం కూడా చెయ్యొచ్చు. 1972లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం ఒకటుంది, కళ్ళు మూసుకున్న మనిషి మోచేతి దగ్గర కండ స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటిది) మీద వైబ్రేటర్ పెడితే స్పిండిల్స్ అదే పనిగా కండరం సాగుతోంది సాగుతోంది అని కేకలేస్తాయి, దాంతో చెయ్యి కదలకపోయినా చాచుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఇంట్లో మసాజర్ ఉంటే ట్రై చెయ్యండి, అందరికీ పని చెయ్యకపోవచ్చు, చేస్తే మాత్రం భలే ఉంటుంది.

ఇక సాగడాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది ఎవరు అనేది చాలాకాలం దొరకలేదు. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ ల్యాబ్‌లో పీజో1, పీజో2 అనే ప్రొటీన్లు దొరికాయి, నరం చివర పొర సాగితే తెరుచుకునే ద్వారాలు ఇవి. 2021 నోబెల్‌లో ఆయన వాటా వీటికే. పీజో2 జీన్ పుట్టుకతోనే పనిచెయ్యని ఇద్దరు పేషెంట్ల గురించి 2016లో అమెరికాలో రిపోర్ట్ చేశారు, కళ్ళు తెరిచి నడవగలరు, గంతలు కడితే అడుగు కుదరదు. పోస్ట్ అమ్మగారి గురించి, నేనేమో ఎక్కడికో వెళ్ళిపోయా, సారీ. అమ్మగారిది పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి ఆ జీన్ గొడవ ఇక్కడ అక్కర్లేదు.

నిద్రలేని_తల్లి

ఓహ్ ఇప్పుడర్థమైంది! నాకు సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చాక నా కాళ్ళు మోకాళ్ళ దగ్గర మడిచి పైకి లేచి ఉన్నట్టే అనిపించింది, నర్స్‌తో కాళ్ళు చాపండి అని ఒకటే గొడవ, ఆవిడ "చాపే ఉన్నాయమ్మా" అంటే నమ్మలేదు నేను.

న్యూరాన్_నాని

అవునండీ, వెన్నులో మత్తు తీసుకున్నవాళ్ళు చాలామంది చెప్పేదే ఇది. కబురు ఆగిపోతే మెదడు ఆ చోటు ఖాళీగా వదలదు, ఏదో ఒక పొజిషన్ తనే పెట్టేసుకుంటుంది.

అందెల_అక్క

నేను విజయవాడలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. తరంగం చేసేటప్పుడు పాదాలు ఇత్తడి పళ్ళెం అంచుల మీద ఉంటాయి, కొంతమంది నెత్తిన నీళ్ళ చెంబు కూడా పెట్టుకుంటారు. కిందకి చూడటానికి లేదు, తల వంచితే చెంబు పోతుంది. పళ్ళెం ఎటు జరుగుతోందో చెప్పేది అరికాలే, ఆ అంచు నొక్కుడు ముందు భాగంలో ఉందా మడమ దగ్గరుందా అనేదాన్నిబట్టే లెక్క. కొత్త పిల్లలు పాదాల వైపే చూస్తారు, చూసినంతసేపూ పళ్ళెం కదలదు. చూపు పైకెత్తి ఎదురుగోడ మీద పెట్టించాకే నెమ్మదిగా పట్టు దొరుకుతుంది. అంటే చూపు ఆసరా తీసేస్తేనే కాళ్ళు నేర్చుకుంటాయి, ఇది నా ముప్పాతిక నమ్మకం.

చీలమండ బెణికిన పిల్లలకి నొప్పీ వాపూ పోయాక కూడా అదే కాలు మళ్ళీ మళ్ళీ మడత పడుతూ ఉంటుంది. అలాంటి వాళ్ళని ఒంటికాలి మీద, ముందు కళ్ళు తెరిచి, కుదిరాక కళ్ళు మూసి నిలబెడతాను. బాగా పనిచేస్తుంది. అమ్మగారితో కూడా రోజూ కాసేపు కళ్ళు మూసి ప్రాక్టీస్ చేయిస్తే ఎలా ఉంటుంది?

ఫిజియో_ఓరుగల్లు

అక్కా, మీ పిల్లల విషయంలో మీరు చేసేది కరెక్టే, బెణికిన చీలమండకి మేం చేసేది కూడా అదే, ఊగే బోర్డు మీద నిలబెట్టడం అదనం. కానీ అమ్మగారికి ఇప్పుడే వద్దు. మీ పిల్లలకి నరం బాగుంది, కబురు వస్తోంది, దాన్ని వాడుకోవడం నేర్పుతున్నారు. ఇక్కడ కబురే సరిగ్గా రావట్లేదని అనుమానం. దారి పాడైనప్పుడు కళ్ళు కూడా మూయిస్తే ఉన్న ఒక్క ఆసరా కూడా మనమే లాగేసినట్టు. ముందు కారణం తేలనివ్వండి, తర్వాత వంటగది గట్టు పట్టుకుని, కళ్ళు తెరిచే, పాదం ముందు పాదం వేసి నడవడం, కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేవడం, ఇలాంటివి ఫిజియో పక్కనుండి మొదలుపెడతారు. బాలెన్స్ బాగుపడుతుంది, వ్యాయామం వల్ల నరం మళ్ళీ మొలుస్తుందని మాత్రం నేను చెప్పను.

అందెల_అక్క

సరే, ఒప్పుకుంటా. పట్టుకోవడానికి ఏదైనా ఉండి, పక్కన మనిషి ఉంటే కొంచెం కొంచెంగా అనే నా ఉద్దేశం, ఒంటికాలి మీద నిలబెట్టమని కాదు.

సీమ_టపాకాయ

సరే, చెవి గాదు. బి12 తక్కువుంటే సూది ఏయించేస్తే పాయె గదా, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు, డెబ్బై ఎనభై రూపాయల పని. దీనికి న్యూరాలజిస్టు యాల?

ఫిజియో_ఓరుగల్లు

అన్నా, దయచేసి ఆ పని చెప్పకండి. కారణాలు మూడు.

సూది పడ్డాక రక్తంలో బి12 పైకి పోతుంది, ఆ తర్వాత టెస్ట్ చేయిస్తే అంతా నార్మల్ అని వస్తుంది, అసలు తక్కువ ఉండేదా లేదా అనేది ఇక తేలదు. కాబట్టి ముందు రక్తం ఇవ్వాలి, తర్వాతే సూది. బలానికి వేసుకునే మల్టీవిటమిన్ టాబ్లెట్ల సంగతి కూడా డాక్టర్‌కి చెప్పాలి, వాటిల్లో బి12 ఉంటుంది.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే ఇంకో చిక్కు. బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత దాంతో బాగైపోయినట్టు కనిపిస్తుంది, హిమోగ్లోబిన్ చూసి అందరూ హాయిగా ఉంటారు, లోపల వెన్నుపాము మాత్రం పాడవుతూనే ఉంటుంది. నరాల మీది కొవ్వు తొడుగు సరిగ్గా ఉండాలంటే బి12 కావాలి, అది లేక ముందు దెబ్బతినేవాటిలో వెన్నుపాము వెనక భాగంలోని లావు నరాల దారి ఒకటి. రక్తహీనత అసలు లేకుండా నరాలకే దెబ్బ తగిలినవాళ్ళు కూడా ఉంటారు.

మూడోది, బి12 కాకపోవచ్చు కూడా. షుగర్ వల్ల కాళ్ళ నరాలే దెబ్బతిని ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, మెడ దగ్గర ఎముక పెరిగి వెన్నుపాముని నొక్కుతూ ఉండొచ్చు. మెడ దగ్గరిదైతే సూదులు పొడుచుకుంటూ కూర్చుంటే టైమ్ పోతుంది. చీలమండ రిఫ్లెక్స్ ఉందా లేదా, పాదం కింద గీస్తే బొటనవేలు ఎటు కదులుతోంది, ఇవి చూసి సమస్య నరంలో ఉందా వెన్నుపాములో ఉందా అనేది న్యూరాలజిస్ట్ చాలావరకు అక్కడికక్కడే అంచనాకొస్తారు.

అమ్మగారి విషయంలో బి12 మీద అనుమానం ఎందుకంటే, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే కొంతమందికి బి12 తగ్గుతుంది, ఇది తెలిసిన విషయమే. రోజూ యాసిడ్ తగ్గించే టాబ్లెట్ వేసుకుంటే తిండిలోని బి12 విడిపోవడం తగ్గుతుంది. కూరగాయల్లో బి12 ఉండదు, మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగుల్లోనే. మూడూ ఒకే మనిషిలో కలిశాయి. మన ఇళ్ళల్లో అరవై దాటిన అమ్మల్లో ఈ మూడూ కలవడం అరుదేం కాదు, నన్నడిగితే షుగర్ టెస్టుతో పాటు అప్పుడప్పుడూ ఇదీ చేయించాలి. అలాగని మెట్‌ఫార్మిన్ సొంతంగా ఆపెయ్యకండి, షుగర్ పెరిగితే అదే నరాలకి ఇంకో దెబ్బ.

గోదారిగట్టు_పిల్ల

చాలా థాంక్స్ అండీ. ఈ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి అన్నయ్యకి పంపా, "సరే రేపే రక్తం ఇప్పిస్తా" అన్నాడు. ఒక్క ప్రశ్న, గుడికి వెళ్ళొద్దంటే అమ్మ ఒప్పుకోదు. పంపొచ్చా?

ఫిజియో_ఓరుగల్లు

పంపండి, ఇంట్లో కూర్చోబెడితే కాళ్ళు ఇంకా వీక్ అవుతాయి. పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, ఒక చెయ్యి స్తంభం మీదో కటకటాల మీదో ఉంచి, కళ్ళు తెరిచే దండం పెట్టుకోమనండి, దేవుడేమీ అనుకోడు. మిట్టమధ్యాహ్నం ఎండకి కాలిన బండల మీద ఉత్తకాళ్ళతో ప్రదక్షిణలు వద్దు, షుగర్ ఉన్నవాళ్ళకి అరికాలు బొబ్బలెక్కినా తెలియకపోయే రోజు రావొచ్చు. చెప్పులు మెత్తటి మందపాటి స్పాంజివి కాకుండా, వెనక పట్టీ ఉన్నవి కొనండి. స్నానం స్టూల్ మీద కూర్చుని. బాత్రూమ్ దారిలో రాత్రంతా చిన్న లైటు.

బాపు_కొడుకు

స్టూల్ అంటే కాళ్ళకి రబ్బరు బుడిపెలున్నది తీసుకోన్రి అక్కా, ఉత్త ప్లాస్టిక్‌ది తడి టైల్స్ మీద జారుతది. మా బాపుకి బాత్రూమ్ల గోడకి స్టీలు రాడ్ గూడ పెట్టిచ్చినం, ముందు నాకెందుకుర ముసలోణ్ణా అని లొల్లి జేశిండు, ఇప్పుడు దాన్నే పట్టుకుంటడు. ఆ టవల్ వేసే రాడ్ పట్టుకుంటే మాత్రం ఊడి చేతికొస్తది, అది వేరే ఇది వేరే.

న్యూరాన్_నాని

రిపోర్ట్‌లో బి12 బాగా తక్కువొస్తే గొడవ లేదు. బోర్డర్‌లో వస్తే "నార్మల్ కిందే లెక్క" అని వదిలెయ్యకండి, మిథైల్‌మలోనిక్ యాసిడ్ గానీ హోమోసిస్టీన్ గానీ, ఆ రక్తం టెస్టులు చేయించాలా అని న్యూరాలజిస్ట్‌ని అడగండి. కణాలకి బి12 నిజంగా చాలకపోతే ఇవి పెరుగుతాయి. కిడ్నీ తేడాగా ఉన్నా పెరుగుతాయి కాబట్టి క్రియాటినిన్ రిపోర్ట్ కూడా పట్టుకెళ్ళండి.